నాలుగు పేర్ల మనిషి

పరుశురాం లాప్‌టాప్‌ను నీళ్ల డ్రమ్ము మీదికి ఎత్తి పట్టుకున్నాడు.

"చెప్పు! మీ మామ పేరు దీంట్లకెల్లి తీస్తవా, దీన్ని నీళ్లల్ల ముంచాల్నా?"

"ముంచు బాపూ," అంది సంగీత. లేవలేదు. గోడకు ఆనుకుని, మోకాళ్లు చుట్టుకుని కూచునే ఉంది. "అది ఉత్త డబ్బా. పేర్లు దాంట్ల లేవు, రింగ్ రోడ్డు ఆఫీసుల ఉన్నయి. ముంచితే సేఠ్ రేపు ఇంకోటి ఇస్తడు."

కోపంలో ఒక వస్తువును ఎత్తాక, అది పగలగొట్టినా లాభం లేదని తెలిస్తే మనిషికి అంతకంటే అవమానం ఉండదు. పరుశురాం దాన్ని దించలేడు, వేయలేడు. పోయిన ఏడు కరోనాతో ఆస్పత్రిలో పడి లేచినప్పటి నుంచి చేతుల్లో బలం లేదు, ఛాతీలో ఊపిరి లేదు.

పెళ్లాం సారక్క వచ్చి ఆయన చేతుల్లోంచి లాప్‌టాప్ లాక్కుని బియ్యం డబ్బా మీద పెట్టింది.

"డ్రమ్ముల ఉన్నయి తాగే నీళ్లు. రేపటిదాక నల్లా రాదు. కోపం ఉంటే గోడకు తల కొట్టుకో, నీళ్లు ఖరాబ్ చెయ్యకు."

గడప దగ్గర బ్రహ్మచారి నిలబడి ఉన్నాడు. సారక్క తమ్ముడు. పేరు బ్రహ్మచారి, ఇంట్లో పెళ్లాం, ఇద్దరు పిల్లలు. పేరుకూ మనిషికీ పొత్తు కుదరకపోవడం అతనికి పుట్టుకతో వచ్చింది. చెప్పులు ఇంకా విప్పలేదు. జుట్టులో కార్ఖానా నూగు అలాగే ఉంది.

పొద్దున బావ పనిచేసే పల్సానా కార్ఖానాలోనే మరమగ్గాల మీద, అదే సాంచాల మీద నిలబడ్డాడు. పొద్దు గూకకముందే గేటు బయట ఉన్నాడు. పనివాళ్ల మీద పెత్తనం చేసే ముకాదం వచ్చి, "నువ్వు రాజన్నవు కాదు, బ్రహ్మచారివి. నీకు ఇక్కడ పని లేదు," అన్నాడు. లోపల మిగిలిన టిఫిన్ డబ్బాను వాచ్‌మన్ చేత్తో ముట్టలేదు. కరోనా కాలం కదా, కర్రతో దొర్లించుకుంటూ గేటు దాటించాడు. అందరూ చూశారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, పని పోయినదానికంటే ఆ డబ్బా దొర్లిన చప్పుడే బ్రహ్మచారిని కాలుస్తోంది.

"లోపలికి రా తమ్మీ," అంది సారక్క.

"నేను ఎవరిగా రావాలె అక్కా? బ్రహ్మచారిగా రావాల్నా, రాజన్నగా రావాల్నా? నీ బిడ్డనడుగు. ఆమె దగ్గర నాయి అన్ని పేర్లున్నయట."

సంగీత తల ఎత్తలేదు.

ఉన్న మాటే. ఆధార్ కార్డులో బ్రహ్మచారి. ఊళ్లో రాజన్న, ఇవాళ పల్సానా గేటులో చెప్పింది ఆ పేరే. ఉధనా షెడ్డులో లంబూ, ఆరడుగుల మనిషి కనుక. కడోదరాలో తెలుగు మాస్టర్. సూరత్‌లో సాంచాల మీద బతికే మగవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. ఒక సేఠ్‌తో గొడవపడితే ఇంకో షెడ్డుకు ఇంకో పేరుతో పోతారు. అది మోసం కాదు, బతుకు తెరువు. ఒక చోట తలుపు మూసుకుంటే ఇంకో చోట సందు ఉండాలి. లాక్‌డౌన్‌లో "మమ్మల్ని ఇంటికి పంపండి" అని రోడ్డు మీద కూచున్నప్పుడు బ్రహ్మచారి ముందు వరసలో ఉన్నాడు. వెనక కూచున్నా కనిపించే మనిషి, ముందు కూచుంటే ఇంక చెప్పేదేముంది! ఎవరెవరి ఫోన్లలోనో ఆ ముఖం ఎక్కింది. ఆ ఫోన్లలోంచి మిల్లు సేఠ్‌ల ఆఫీసుకు చేరి, అక్కడ పనిలో పెట్టుకోవద్దనే ఒక ఎర్ర గుర్తయింది.

అయినా ఎర్ర గుర్తు బ్రహ్మచారికే పడింది. రాజన్నకు పడలేదు. రాజన్నా బ్రహ్మచారీ ఒక్కడేనని తెలియనంత కాలం భయం లేదు.

ఇప్పుడు తెలిసింది. సోమవారం నుంచి పల్సానా, కడోదరా గేట్లన్నిటిలోనూ తెలుస్తుంది. కార్ఖానాలన్నిటికీ ఆ పేర్లు పంపుతున్నారు. ఇక సూరత్‌లో బ్రహ్మచారి ఏ పేరుతో పోయినా పని దొరకదు. అవతల పెళ్లాం గంగవ్వ పిల్లలిద్దరినీ తీసుకుని, ఊళ్లో ఇంటికి తాళం వేసి, రైలెక్కింది. రేపు పొద్దున ఉధనాలో దిగుతుంది.

"నేను పేర్లు కలిపిన మామా. గంతే," అంది సంగీత. "ఎర్ర గుర్తు నేను పెట్టలే."

"ఎర్ర గుర్తు ఎవడన్న పెడ్తడు. దాని కింద మనిషిని తెచ్చి నిలబెట్టింది నువ్వు."

"లాక్‌డౌన్ల రేషన్ కిట్లు పంచినప్పుడు ఏమైంది, యాదికి లేదా? ఒక్కడు రెండు పేర్లు చెప్పి రెండు కిట్లు తీస్కపోతుండె. లైన్ల ఆఖరికున్న ముసలోళ్లకు ఏం దొరకకపోతుండె. అప్పుడు నేను కలిపిన పేర్లతోనే అందరికీ అందినయి. అప్పుడు నువ్వే అన్నవ్, మా కోడలు మస్తు పని చేసిందని."

"అన్న. ఇప్పుడు గూడ అంటున్న, మస్తు చేసినవ్! ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు. నువ్వు పట్టినవ్."

ఆ గల్లీలో ఎం.లిబ్. చదివిన మొదటి పిల్ల సంగీత. ఆఖరి పిల్ల కూడా ఆమే అయ్యేట్టుంది. ఆ చదువేమిటో వాళ్లుండే లింబాయత్‌లో ఎవరికీ అర్థం కాలేదు. "పుస్తకాలు సర్దనీకి రెండేండ్ల చదువేంది? మా సారక్క రోజూ పోపుడబ్బా సర్దుతది, ఆమెకు ఏ యూనివర్సిటీ పట్టా ఇచ్చింది?" అని అప్పుడు పరుశురాం నవ్వాడు. వాదించి ఒప్పించింది బ్రహ్మచారే. "మన ఇంట్ల అందరం నిలబడి సచ్చినం బావా. ఒక్కలన్న కూసోని పనిచేసేటోళ్లు ఉండాలె," అన్నాడు. ఆ ఒక్క మాటకు పరుశురాం ఒప్పుకున్నాడు.

చదువైతే అయింది. ఒక కాలేజీలో గెస్ట్ లైబ్రేరియన్‌గా ఏడాది. లాక్‌డౌన్ రాగానే కాలేజీ తలుపులు మూశారు, గెస్టులు ఇంటికి పోవచ్చన్నారు. గెస్టు అని పిలిచినప్పుడే తెలుసుకోవాల్సింది. ఆ తర్వాత మిల్లు సేఠ్‌ల ఆఫీసులో కిట్ల లెక్క చూసేందుకు పిలిచారు, తర్వాత కార్మికుల పేర్ల పట్టిక పనికి ఉంచేసుకున్నారు. పుస్తకాల కోసం నేర్చిన విద్యను మనుషుల మీద పెట్టింది. ఒకే రచయిత మూడు కలం పేర్లతో రాస్తే మూడింటినీ ఒక చోటికి తేవడం ఎట్లాగో ఆమెకు తెలుసు. రచయితకూ సాంచాల కార్మికుడికీ తేడా ఏముందనుకుంది. అక్కడే తప్పింది. రచయిత పేర్లు కలిపితే అతని పుస్తకాలు నలుగురికి దొరుకుతాయి. కార్మికుడి పేర్లు కలిపితే అతడే దొరికిపోతాడు.

యూనివర్సిటీలో ఊర్మిళ మేడమ్ రెండు మాటలు చెప్పింది. ఎవరు ఏ పుస్తకం పట్టుకుపోయారో ఇంకొకరికి చెప్పొద్దు, పోలీసు వచ్చి అడిగినా సరే. ఇది మొదటిది. రెండు పేర్లను ఒకటి చేస్తే, ఆ సంగతి ఎవరు చెప్పారో కింద ఆధారం రాయాలి. ఇది రెండోది. సంగీత రెండోది మాత్రం తు చ తప్పకుండా పాటించింది. అది మెచ్చుకోళ్లు తెచ్చిన మాట. మొదటిదాని వల్ల ఎవరికీ జీతం పెరగదు.

"ఒక్క మాట నాకు సమజ్ కాలే," అంది సారక్క. గిన్నె మీద మూత పెట్టి ఇటు తిరిగింది. "తమ్ముడు రాజన్న అని చెప్పి పోయిండు. వాళ్లు గేటు కాడ ఫోటో తీసిన్రు. పొద్దున ఏం అనలే, పనిల పెట్టుకున్నరు. మాపటికి బ్రహ్మచారి అని ఎట్ల ఎరుకైంది?"

పక్క ఖోలీలో టీవీ మాస్కు కట్టుకోమని, చేతులు కడుక్కోమని చెబుతోంది.

"ఎట్లేంది?" అన్నాడు పరుశురాం. "ఇదే చెప్పి ఉంటది. ఆఫీసుల కూసోని ఫోటో చూసి, అగో మా మామ అని చెప్పి ఉంటది. ప్రమోషన్ కావాలె గద దొరసానికి!"

బ్రహ్మచారి అప్పుడు గడప దాటి లోపలికి వచ్చాడు. మేనకోడలి ముందు గొంతుకూచున్నాడు.

"బిడ్డా. నా కండ్లల్ల చూసి చెప్పు. నువ్వేనా?"

సంగీత అతని కళ్లలోకి చూసింది. తర్వాత ఒకసారి తండ్రి వైపు చూసింది.

"అవ్ మామా. నేనే," అంది.

బ్రహ్మచారి లేచాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సంగీతకు అనిపించింది.

తిట్టింది పరుశురామే.

"ఇన్నవా? ఇన్నవా సారక్కా! పాముకు పాలు పోసినం. గీ చదువు చదివిచ్చే బదులు సాంచాల మీద నిలబెట్టినా మంచిగుండు, నలుగురి కష్టమన్న తెలుస్తుండె. సొంత మేనమామ నోటికాడి బుక్క…" దగ్గు వచ్చి మాట తెగింది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాడు. "నోటికాడి బుక్క గుంజినవ్. నువ్వు మా మనిషివి కావు. ఆ సేఠ్ మనిషివి. నడువ్, ఆ రింగ్ రోడ్డులనే పండుకో పో! నా ఇంట్ల నమ్మిచ్చి గొంతు కోసేటోళ్లకు జాగ లేదు."

"బస్ బాపూ."

"ఏం బస్? మా వంశంల ఎవ్వరన్న తనోళ్ల పేరు పరాయోనికి చెప్పిన్రా? ఒక్కరన్న?"

"బస్ అంటున్న!" సంగీత లేచి నిలబడింది. గొంతు ఇల్లంతా మోగింది. "ఇయ్యాల మధ్యాహ్నం ముకాదం నిన్ను పక్కకు పిలిచిండా, లేదా?"

పరుశురాం గోడ మీంచి చెయ్యి తీశాడు.

"పిలిచిండు. అయితే?"

"ఏమడిగిండు?"

"ఏమడుగుతడు? కొత్తోని గురించి అడిగిండు. ఈయన నీకేమైతడు అన్నడు."

"నువ్వేం చెప్పినవ్?"

"మంచిగనే చెప్పిన! మాటసాయం చెయ్యకుంటె మనోన్ని ఎవడు ఉంచుకుంటడు?" పరుశురాం గొంతులో ఇంకా గర్వం ఉంది. "మా ఇంటామె సొంత తమ్ముడు అన్న. పదిహేనేండ్ల సంది సూరత్‌లనే ఉన్నడు, ఉధనాల లంబూ అంటె చిన్న పిల్లగాడు గూడ చెప్తడు అన్న. అసుంటి పనోడు నీకు దొరకడు, వాని జిమ్మా నాది అన్న…"

మాట నెమ్మదించింది. ఆఖరి ముక్క దాదాపు వినబడలేదు.

కార్ఖానాల్లో అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. కొత్తవాడు వస్తే అతని మనిషి ఒకడు ముందుకొచ్చి "నా జిమ్మా" అని పూచీ పడాలి. అట్లా అనడానికి సిగ్గుపడేవాడు బంధువే కాదు. పరుశురామూ అట్లాగే వచ్చాడు, బ్రహ్మచారీ అట్లాగే వచ్చాడు. ముకాదం అడిగిందీ ఎప్పటి ప్రశ్నే. ఈసారి జవాబు మాత్రం అతని చెవిలోంచి నేరుగా ఆఫీసుకు పోయింది.

"లంబూ అన్నవ్. ఇంటామె తమ్ముడన్నవ్," అంది సంగీత. ఇప్పుడు ఏడుస్తోంది, ఏడుస్తూనే అరుస్తోంది. "లంబూ, బ్రహ్మచారి ఒక్కడే అని ఆఫీసుల ముందే ఉంది. రాజన్న మిగిలిండు. నువ్వు అది గూడ కలిపినవ్. నాలుగు గంటలకు నా ముందటికి వచ్చింది. కింద ఆధారం రాసి ఉంది. పరుశురాం, సొంత బావ. ఆ గడి నేనే పెట్టిన, ఎవ్వరు చెప్పిన్రో రాయకుంట పేరు కలపొద్దని. నీ పేరు చూసిన. మామకు ఎరుక కావద్దని, నేనే అన్న."

పరుశురాం మెల్లగా మంచం అంచు మీద కూచున్నాడు. అప్పటిదాకా గది నిండా అతని కోపమే ఉంది. ఒక్కసారిగా ఎక్కడికి పోయిందో తెలియదు.

"నేను మంచికే చెప్పిన బ్రహ్మం," అన్నాడు. బామ్మర్ది ముఖం చూడలేదు. "నీ జిమ్మా నాదే అన్న."

"ఎరుకే బావా."

"ఒట్టు. మంచికే…"

"ఎరుకే అంటున్న గద!" అని అరిచాడు బ్రహ్మచారి. అక్క మీద గానీ బావ మీద గానీ అతను గొంతెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. "ఎవలూ చెడుకు చెయ్యలే. ఆమె ముసలోళ్లకు కిట్లు అందాలని చేసింది. నువ్వు నాకు పని ఉండాలని చేసినవ్. అందరు మంచికే చేసిన్రు. నేను మాత్రం రోడ్డు మీద ఉన్న. రేపు గంగ దిగినాంక గిదే చెప్పాల్నా? మనోళ్లు మస్తు మంచోళ్లు, మల్ల రైలెక్కు అని?"

సంగీత ముఖం తుడుచుకుంది. ఫోను తీసింది.

"ఏం చేస్తున్నవే?" అంది సారక్క.

"సేఠ్‌కు చేస్తున్న. తప్పు కలిసింది, వీళ్లిద్దరు వేరే మనుషులని చెప్త. నౌకరీ పోతే పోనీ."

ఇంతసేపటికి ఆ ఇంట్లో ఒక మంచి మాట పుట్టింది. బ్రహ్మచారి అడ్డం చెప్పలేదు. ఫోను అందరికీ వినబడేట్టు పెట్టి నేల మీద ఉంచింది.

ధన్‌సుఖ్‌భాయ్ సేఠ్ నెమ్మదిగా, తీయగా హిందీ మాట్లాడే మనిషి. సంగీత చెప్పిందంతా పూర్తిగా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"బేటీ, నువ్వు ఇంతవరకు ఒక్క పేరూ తప్పు కలపలేదు. ఇవాళే తప్పు కలిపావా? అతను మీ మామ అని నాకు తెలుసు. మీ నాన్నే చెప్పాడు కదా. ముందే నాతో ఒక మాట అని ఉంటే ఇంత గొడవ ఉండేదా? మీ మామ ఎర్ర గుర్తు తీసేస్తాను. సోమవారం నుంచి పనికి రమ్మను. ఇంటి మనిషికి అంత మాత్రం చేయనా?"

సారక్క రెండు చేతులూ జోడించి ఫోనుకు దండం పెట్టింది. సంగీత మాత్రం కదలలేదు. ధన్‌సుఖ్‌భాయ్ ఉత్త పుణ్యానికి ఏదీ చేయడని ఆమెకు తెలుసు.

"కానీ బేటీ, మీ నాన్న బంగారం లాంటి మనిషి," అన్నాడు సేఠ్. "మీ తెలుగువాళ్లు ఇన్ని వేల మంది. ఎవరు ఎవరో మాకేం తెలుస్తుంది? ఆయనకు ముఖం చూస్తే తెలుస్తుంది. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఏ షెడ్డులో ఏం పేరు, అన్నీ తెలుస్తాయి. సోమవారం నీతోపాటు ఆఫీసుకు తీసుకురా. గేట్ల దగ్గర తీసిన ఫోటోలు చూసి చెబితే చాలు. నువ్వు రాసుకో. ఊపిరి బాగాలేదని విన్నాను. ఈ వయసులో ఇంకా సాంచాల దగ్గరెందుకు? ఆయన వస్తే మీ మామ పేరు తీసేస్తాను. రాకపోతే… సరే, వస్తాడులే."

సేఠ్ ఫోను పెట్టేశాడు.

"తమ్ముని పేరు తీస్తన్నడు," అంది సారక్క. ఆ ఒక్క ముక్కే ఆమెకు వినబడింది. "తీస్తన్నడు గద?"

"నా ఒక్కని పేరు తీసి ఎందరి పేర్లు ఎక్కిస్తడు అక్కా?" అన్నాడు బ్రహ్మచారి. "రోడ్డు మీద నా ఎనక కూసున్నోళ్లందరు బావకు ఎరుకే. అందరు ఈయన చెయ్యి పట్టుకొని కార్ఖానల చేరినోళ్లే. ఒక్కొక్కని ఫోటో చూసి చెప్పాల్నట!" బావ వైపు తిరిగాడు. "చెప్పు బావా. ఆ సేఠ్‌కు మల్ల ఫోన్ చేసి, నాకు చెప్పినట్టే గట్టిగ చెప్పు. మా వంశంల ఎవ్వరు తనోళ్ల పేరు పరాయోనికి చెప్పరని చెప్పు."

సంగీత ఫోను చేతికి తీసుకుంది. నంబరు మీద వేలు పెట్టి తండ్రి కోసం ఎదురుచూసింది. ఇంత కోపిష్టి మనిషి ఒక్క అరుపు అరిస్తే చాలు, మిగతాది ఆమె చూసుకుంటుంది. నౌకరీ పోయినా, లాప్‌టాప్ డ్రమ్ములో పడినా ఇప్పుడు ఆమెకు భయం లేదు.

పరుశురాం ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. బామ్మర్దిని చూడలేదు. పెళ్లాన్ని చూడలేదు. బియ్యం డబ్బా మీదున్న లాప్‌టాప్ వైపు చూస్తూ, చిన్నగా అడిగాడు.

"కూసోని చేసే పనేనా, బిడ్డా?"